ప్రోగ్రాములో పాములు

పిల్లలూ! హైదరాబాదులో యూసుఫ్‌గూడ నుంచి పంజగుట్టకు మెట్రో రైలులో వెళ్లాలంటే ఏం చెయ్యాలి? యూసుఫ్‌గూడ స్టేషనులో నాగోలు వైపు పోయే రైలు ఎక్కాలి. మధురానగర్ దాటాక అమీర్‌పేట వస్తుంది. అక్కడ దిగి ఎల్.బి. నగర్ వైపు పోయే రైలు ఎక్కాలి. ఆ తరువాతి స్టేషనే పంజగుట్ట.

ఈ నాలుగు మాటలూ ఒక కాగితం మీద వరసగా వ్రాసి, ఊరికి కొత్తగా వచ్చిన మీ మేనమామ చేతికి ఇచ్చారనుకోండి. ఆయన ఎవరినీ దారి అడగకుండా పంజగుట్ట చేరుకుంటాడు. అలా మీకు తెలియకుండానే మీరు ఒక ప్రోగ్రాము వ్రాసేశారన్నమాట! కంప్యూటరుకు ఇచ్చే ప్రోగ్రాము కూడా ఇటువంటి కాగితమే. అయితే మీ మేనమామకు సొంత బుద్ధి ఉంది. కాగితంలో తప్పుంటే సర్దుకుంటాడు. కంప్యూటరు అలా సర్దుకోదు. కాగితంలో ఎలా ఉంటే అలా చేస్తుంది.

ఎలాగూ అమీర్‌పేటలో దిగాం గనక, మైత్రీవనం వైపు ఒకసారి చూడండి. జావా అనీ, పైథాన్ అనీ, ఇంకా ఎన్నో పేర్లతో మేడల నిండా శిక్షణ సంస్థల పలకలు కనిపిస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచీ, ఆంధ్ర జిల్లాల నుంచీ వచ్చిన యువతీయువకులు యూసుఫ్‌గూడ, మధురానగర్, ఎల్లారెడ్డిగూడ సందుల్లోని హాస్టళ్లలో మకాం పెట్టి ఇక్కడ ప్రోగ్రాములు వ్రాయటం నేర్చుకుంటారు. 'సి' అనే భాష నేర్పేటప్పుడు గురువుగారు ఒక మాట దగ్గరికి వచ్చేసరికి, "ఇది ఉంది గాని, వాడకండి" అని పేజీ తిప్పేయటం పరిపాటి. ఆ మాట పేరు 'గోటూ'.

ఎందుకు వాడకూడదు? చాలామంది అడగరు. కారణం చెప్పని నిషేధం పిల్లలకు నచ్చదు, నాకూ నచ్చదు. బడిలో పనిచేసినన్నాళ్లూ నేను గమనించిందేమంటే, "అందులోకి పోవద్దు" అన్న గదిలోకే పిల్లలు మొదట తొంగిచూస్తారు. అందుచేత మనమే తలుపు తీసి లోపల ఏముందో చూద్దాం.

ప్రోగ్రాము మామూలుగా పైనుంచి కిందికి, ఒక పంక్తి తరువాత ఇంకొక పంక్తిగా నడుస్తుంది. 'గోటూ' అంటే, "ఈ వరస ఆపి, ఫలానా పంక్తికి పో" అని ఆజ్ఞ. ఏడో ఎక్కం వ్రాయించే ఈ చిన్న ప్రోగ్రాము చూడండి. దీన్ని తెలుగులోనే వ్రాస్తున్నాను.

10. సంఖ్య 1 అనుకో.
20. ఏడును ఆ సంఖ్యతో హెచ్చవేసి, వచ్చినది కాగితం మీద వ్రాయి.
30. సంఖ్యకు 1 కలుపు.
40. సంఖ్య 10 దాటకపోతే 20కి పో.
50. "ఎక్కం అయింది" అని వ్రాయి.

ఒక పెన్సిలు తీసుకుని మీరే కంప్యూటరు అయిపోయి ఈ ఆజ్ఞలు పాటించండి. ఏడు, పద్నాలుగు, ఇరవైయొకటి అంటూ డెబ్బై వరకూ వస్తుంది. అప్పుడు సంఖ్య 11 అవుతుంది. 40వ పంక్తి మిమ్మల్ని ఇక పైకి పంపదు. ఎక్కం అయిపోతుంది.

పంక్తుల అంకెలు పదేసి చొప్పున ఎందుకు పెరిగాయి? మధ్యలో ఏదైనా మరిచిపోతే 25 అనో, 35 అనో ఇరికించడానికి. ఇది 'బేసిక్' అనే భాషలోని పద్ధతి. 1964లో అమెరికాలో డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు గణితాచార్యులు, సైన్సు చదవని విద్యార్థులకు కూడా కంప్యూటరు అందాలని ఆ భాష తయారుచేశారు. మన దేశంలో 1984-85లో 'క్లాస్' అనే ప్రభుత్వ పథకం కింద కొన్ని పాఠశాలలకు బి.బి.సి. మైక్రో అనే చిన్న కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో ఉన్నదీ ఒక రకం బేసిక్ భాషే. ఆ రోజుల్లో బేసిక్ నేర్చుకున్న పిల్లల్లో చాలామంది మొదటి ప్రోగ్రాము ఇంచుమించు ఒకటే: 10వ పంక్తిలో తన పేరు వ్రాయమని, 20వ పంక్తిలో "10కి పో" అని. ఇంకేముంది, తెరనిండా పేరు పరుగులు పెట్టేది. దాన్ని ఆపటానికి మాస్టారు పరుగెత్తుకు రావలసి వచ్చేది.

ఇందులో అపాయమేముంది? సరదాగానే ఉందే! అంటారు మీరు. ఉండండి, మన ఎక్కానికి ఇంకొక పంక్తి చేరుద్దాం.

90. ఇంకొకసారి కావాలంటే 20కి పో.

వ్రాసినవాడు నిజానికి "10కి పో" అని వ్రాయాలి. పొరపాటున 20 అన్నాడు. ఇప్పుడేమవుతుంది? మీరు రెండోసారి ఎక్కం అడుగుతారు. కంప్యూటరు నేరుగా 20కి పోతుంది. అప్పటికి సంఖ్య 11గా ఉంది. దాన్ని తిరిగి 1 చేసే 10వ పంక్తి మీదుగా అది రాలేదు. కనుక ఏడు పదకొండ్లు డెబ్బైయేడు అని ఒకే ఒక్క మెట్టు వ్రాసి, "ఎక్కం అయింది" అనేస్తుంది.

తప్పు ఉన్నది 90లో. బయటపడింది 20లో. 20వ పంక్తిని నూరుసార్లు చదివినా అందులో తప్పు కనిపించదు, ఎందుకంటే అందులో తప్పు లేదు. "నా దగ్గరికి ఎవరెవరు రాగలరు?" అన్న సంగతి 20వ పంక్తికి తెలియదు. అది తెలియాలంటే ప్రోగ్రామంతా వెతకాలి. మన ప్రోగ్రాము ఆరు పంక్తులది గనక వెతగ్గలిగాం. పదివేల పంక్తులుండి, వాటిలో మూడువందల చోట్ల 'పో' ఉంటే?

'పో' అన్నది ఏ ఒక్కరో కనిపెట్టింది కాదు. కంప్యూటరు యంత్రంలోనే అది ఉంది. మన దేశంలో 1969లో ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో టి.డి.సి.-12 అనే కంప్యూటరు తయారైంది. అంతకు రెండేళ్ల ముందు, 1967లో, హైదరాబాదులో నెలకొల్పిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ తరువాత అటువంటి కంప్యూటర్లను తయారుచేసి అమ్మింది. అటువంటి యంత్రమైనా, ఇవాళ మీ ఇంట్లో ఉన్న సెల్‌ఫోనైనా, లోపల దానికి అర్థమయ్యే ఆజ్ఞల్లో "ఫలానా గడికి దూకు" అనే ఆజ్ఞ ఒకటి ఉండి తీరుతుంది. అందుచేత 1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్ భాషలోనూ, 1959లో మొదలైన కోబాల్ భాషలోనూ ఆ దూకుడు అలాగే వచ్చి చేరింది. యంత్రం దూకుతుంది గనక మనిషి కూడా "దూకు" అని వ్రాసేవాడు. అందులో వింతేమీ లేదు.

ఇది మంచిది కాదని గట్టిగా చెప్పినవాడు హాలెండు దేశస్థుడు, ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. 1930లో రాటర్‌డాం నగరంలో పుట్టాడు. 1968 మార్చిలో అమెరికాలోని ఒక కంప్యూటరు శాస్త్ర పత్రికలో ఆయన వ్రాసిన చిన్న లేఖ అచ్చయింది. ప్రోగ్రాముల్లో గోటూలు ఎంత ఎక్కువైతే ఆ వ్రాసినవాడి పనితనం అంత తక్కువని తన అనుభవంగా ఆయన అందులో మొదలుపెట్టాడు. 'గోటూ హానికరం' అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టింది మాత్రం ఆయన కాదు. ఆయన పెట్టిన మెత్తటి పేరు తీసేసి ఈ ఘాటైన పేరు తగిలించినవాడు ఆ పత్రిక సంపాదకులలో ఒకడైన నిక్లాస్ విర్త్, 'పాస్కల్' భాష నిర్మాత. పేరు ఘాటుగా ఉండబట్టే కాబోలు, లోకమంతా దెబ్బలాడుకుంది. ఇప్పటికీ ఆ శీర్షిక తెలిసినవాళ్లు కోకొల్లలు. లేఖ చదివినవాళ్లు తక్కువ.

ఆ లేఖలోని వాదన చాలా అందమైనది. దాన్ని నేను మీకు వైకుంఠపాళితో చెబుతాను.

వైకుంఠపాళి పటం మీరు ఆడే ఉంటారు. గవ్వలు వేసి, పందెం ఎంత పడితే అన్ని గళ్లు నడుస్తాం. నిచ్చెన అడుగున పడితే పైకి పోతాం. పాము తల మీద పడితే దాని తోక దగ్గరికి జారతాం. ఆట మధ్యలో అమ్మ భోజనానికి పిలిచిందనుకోండి. పావులు పటం మీద వదిలేసి వెళ్లారు. అప్పుడు పక్కింటి పిల్ల వచ్చి పటం చూసింది. మీ పావు నలభైయో గడిలో ఉంది. అది అక్కడికి ఎలా వచ్చింది? ఒక్కొక్క గడీ నడిచి వచ్చిందా? నిచ్చెన ఎక్కి వచ్చిందా? తొంభైలో ఉండగా పాము మింగిందా? ఆట మొదలై ఎంతసేపయింది? పావు ఉన్న చోటును బట్టి వీటిలో ఒక్కటి కూడా ఆ పిల్ల చెప్పలేదు.

ఇప్పుడు ఇంకొకటి చూడండి. మీ తమ్ముడు వరండాలో నిలబడి మొదటి ఎక్కం నుంచి వరసగా అప్పజెబుతున్నాడు. మధ్యలో ఆపి, "ఎక్కడున్నావురా?" అని అడిగారు. "ఏడో ఎక్కం, ఆరో మెట్టు" అన్నాడు. అంతే! ఆ రెండు అంకెలతో మీకు అంతా తెలిసిపోయింది. ఆరు ఎక్కాలు పూర్తయ్యాయి. ఏడో దానిలో అయిదు మెట్లయ్యాయి. ఇప్పుడు నలభైరెండు అనబోతున్నాడు. చూడనిది కూడా చూసినట్టే చెప్పగలరు.

డైక్‌స్ట్రా అన్నది ఇదే. ప్రోగ్రాము కాగితం మీద కదలకుండా ఉంటుంది. అది నడిచేటప్పుడు జరిగేదేమో కాలంలో సాగుతుంది. కదలకుండా ఉన్నదాన్ని మన మనసు బాగా పట్టుకుంటుంది. కదిలేదాన్ని అంత బాగా ఊహించలేదు. అందుచేత కాగితం మీద ఒకచోట వేలు పెడితే, నడక ఎంతవరకు వచ్చిందో తెలిసేలా ప్రోగ్రాము వ్రాయాలి. ఎక్కాల ప్రోగ్రాములో వేలు పెట్టినచోటుతో పాటు, ఎన్నో ఎక్కం, ఎన్నో మెట్టు అన్న రెండు అంకెలు తెలిస్తే చాలు. ఒక పని ఇంకొక పనిని పిలిచి, అది దానికింద మరొకదాన్ని పిలిస్తే, ఎవరు ఎవరిని పిలిచారో ఆ వరస తెలిస్తే చాలు. ఏడు చేపల కథలో చీమ దగ్గర నిలబడ్డవాణ్ణి, "ఇక్కడికెందుకు వచ్చావు?" అంటే, పిల్లవాడి మీదుగా, ఆవు మీదుగా, గడ్డి మీదుగా, ఎండని చేప దాకా వెనక్కి చెప్పుకుపోగలడు గదా! గోటూ ఇష్టం వచ్చినట్టు వాడిన ప్రోగ్రాములో ఈ గుర్తులేవీ పనిచెయ్యవు. ప్రతి 'పో' ఒక పాము తల, లేకపోతే నిచ్చెన అడుగు.

గమనించారా? ఇందులో కంప్యూటరుకు వచ్చిన కష్టమేమీ లేదు. దానికి పాములైనా ఒకటే, తిన్నని బాటైనా ఒకటే. కష్టమంతా చదివే మనిషికి.

అయితే గోటూ లేకుండా అన్ని ప్రోగ్రాములూ వ్రాయటం సాధ్యమా? ఆ సందేహం కూడా తీరిపోయింది. 1966లో బోమ్, యాకొపీని అనే ఇద్దరు ఇటలీ గణితవేత్తలు, మూడు పద్ధతులుంటే ఏ పనికైనా సరిపోతుందని నిరూపించారు. ఒకదాని తరువాత ఒకటి చెయ్యటం మొదటిది. "టిక్కెట్టు ఉంటే లోపలికి నడు, లేకపోతే కొను" అన్నట్టు రెండు దారుల్లో ఒకటి పట్టటం రెండోది. "పంజగుట్ట రానంతవరకు రైలులోనే ఉండు" అన్నట్టు ఒక పనిని మళ్లీ మళ్లీ చెయ్యటం మూడోది. మన ఏడో ఎక్కం ఈ మూడో పద్ధతిలో ఒక్క వాక్యమైపోతుంది: "సంఖ్యను 1 నుంచి 10 వరకు పోనిస్తూ, ఏడును దానితో హెచ్చవేసి వ్రాయి." ఇందులో 20 అన్న పంక్తే లేదు గనక, ఎవరూ పక్కదారిన వచ్చి 77 వ్రాయించలేరు.

ఇదంతా పండితుల తగవు అనుకోకండి. అమీర్‌పేట ఇంత పెద్ద చదువుల సంత కావటంలో పాత ప్రోగ్రాములకు కూడా వంతు ఉంది. 1990 తరువాతి సంవత్సరాల్లో ప్రపంచానికి ఒక బెంగ పట్టుకుంది. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండే అంకెల్లో వ్రాసుకునేవి. 1960 అంటే 60. మరి 2000 వస్తే? అది 00 అవుతుంది. 1960లో పుట్టినవాడి వయసు లెక్కకట్టమంటే 00లోంచి 60 తీసేసి, మైనస్ అరవై ఏళ్లంటుంది! 2000 జనవరి 1 లోపల ఇవన్నీ సరిచెయ్యాలి. ఆ ప్రోగ్రాముల్లో చాలా భాగం కోబాల్ భాషలోవి. అమెరికాలో అంతమంది దొరకలేదు. అప్పుడు హైదరాబాదులో పట్టభద్రులు అమీర్‌పేట గదుల్లో కోబాల్ నేర్చుకుని ఈ పనికి బయలుదేరారు.

వాళ్లకు పడ్డ పని కొత్త ప్రోగ్రాము వ్రాయటం కాదు. ఎప్పుడో, ఏ దేశంలోనో, ఎవరో వ్రాసి వెళ్లిపోయినదాన్ని చదవటం! అడుగుదామంటే వ్రాసినవాడు లేడు. సంవత్సరం లెక్క ఎక్కడెక్కడ వస్తుందో పట్టుకోవాలి. ఒక పంక్తి మారిస్తే ఇంకెక్కడ దెబ్బతగులుతుందో చూసుకోవాలి. అంటే వైకుంఠపాళిలో పావును చూసి, అది వచ్చిన దారి చెప్పవలసిన పక్కింటి పిల్ల పని అన్నమాట. పైగా పాత కోబాల్‌లో 'ఆల్టర్' అనే ఆజ్ఞ ఒకటి ఉండేది. అది చేసే పని వింటే నవ్వు వస్తుంది: ప్రోగ్రాము నడుస్తుండగానే, ఒక గోటూ ఎక్కడికి పోవాలో మార్చేస్తుంది! కాగితం మీద "ఫలానా చోటికి పో" అనే ఉంటుంది. నిజంగా పోయేది మరొక చోటికి. ఆట మధ్యలో పాము తన తోక ఎత్తి వేరే గడిలో పెట్టుకుంటే మీరు ఆడగలరా? తరువాత తరువాత ఆ ఆజ్ఞను భాషలోంచే తీసేశారు. మంచి పని చేశారు.

ఇటువంటి ప్రోగ్రాముకు ఇంగ్లీషువాళ్లు 'స్పాగెట్టీ' అని పేరు పెట్టారు. అది మన సేమ్యాలాంటి వంటకం. ఒక పోగు కొస పట్టుకుని లాగితే రెండో కొస గిన్నెలో ఎక్కడ కదులుతుందో తెలియదు.

ఇంతవరకు విని, "అయితే గురువుగారు పేజీ తిప్పటం న్యాయమే" అనుకుంటున్నారు కదూ? తొందరపడకండి. రెండో పక్షం వారు కూడా గట్టివాళ్లే.

1974లో డొనాల్డ్ నూత్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు ఈ తగవు మీద పెద్ద వ్యాసం వ్రాశాడు. గోటూను ఎక్కడ తీసేస్తే మంచిదో, ఎక్కడ ఉంచితే మంచిదో, ఉదాహరణలతో సహా తూచి చూపించాడు. కంప్యూటరు శాస్త్రంలో ఇచ్చే ట్యూరింగ్ బహుమతి డైక్‌స్ట్రాకు 1972లో వస్తే, నూత్‌కు 1974లో వచ్చింది. (చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మన రాజ్ రెడ్డిగారికి 1994లో వచ్చింది కూడా ఆ బహుమతే.) నూత్ ఎత్తిచూపిన చిక్కుల్లో ఒకటి మీకు బాగా తెలిసిన కథలోనే ఉంది.

విక్రమార్కుడు చెట్టు దగ్గరికి పోయి శవాన్ని భుజాన వేసుకుంటాడు. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిస్తే రాజు చెప్పి తీరాలి. చెప్పగానే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. జవాబు తెలియక మౌనంగా ఉన్ననాడు ఆట ముగుస్తుంది. ఇది మళ్లీ మళ్లీ చేసే పనే, మూడో పద్ధతి. కాని జాగ్రత్తగా లెక్కపెట్టండి. రాజు ఎన్ని కథలు విన్నాడో, జవాబులు వాటికంటే ఒకటి తక్కువే చెప్పాడు! ఆఖరి చుట్టులో సగం పనే జరిగింది. "జవాబు తెలిసినంతవరకు ఇలా చెయ్యి" అని మొదట్లోనే పరీక్ష పెడదామంటే, కథ వినకముందు జవాబు తెలుస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? చివర పెడదామంటే, అప్పటికే జవాబు చెప్పెయ్యాలి. నడుమ పరీక్ష పెట్టి, అక్కడినుంచి బయటికి పోనివ్వాలి. అలా పోవటానికి అప్పట్లో గోటూయే దిక్కు. అది వద్దంటే, శవాన్ని దించటం, కథ వినటం అన్న రెండు పనులనూ రెండుచోట్ల వ్రాసుకోవాలి. తరువాతి భాషల్లో దీనికోసం 'బ్రేక్' అనే ఆజ్ఞ వాడుకలోకి వచ్చింది. అదీ 'పో' అనటమే. కాని ఎక్కడికి బడితే అక్కడికి పోలేదు. తానున్న చుట్టు దాటి, దాని వెంటనే ఉన్న పంక్తికి మాత్రమే పోతుంది. మెడకు పలుపు కట్టిన గోటూ అనుకోండి.

పలుపు లేని గోటూను కూడా ఇవాళ మంచి ప్రోగ్రాములు వ్రాసేవాళ్లు ఒకచోట వాడుతున్నారు. లినక్స్ అనే పేరు విన్నారా? ప్రపంచంలో లెక్కలేనన్ని కంప్యూటర్లూ, ఆండ్రాయిడ్ ఫోన్లూ దాని మీదే నడుస్తాయి. దాన్ని వ్రాసేవాళ్లకు ఒక నియమావళి ఉంది. అందులో గోటూను ఫలానా పనికి వాడుకోవచ్చునని చెప్పి ఉంది. ఆ పని ఏమిటో మీ సైన్సు గదిలో చూపిస్తాను.

ప్రయోగం చెయ్యాలంటే ముందు గది తాళం తీస్తారు. తరువాత బీరువా తెరుస్తారు. తరువాత స్పిరిటు దీపం వెలిగిస్తారు. ఆ పైన ప్రయోగం. అంతా అయ్యాక దీపం ఆర్పి, బీరువా మూసి, గదికి తాళం వేస్తారు. తెరిచిన వరసకు ఇది తిరగబడిన వరస. మధ్యలో చెడితే? బీరువా తెరుచుకోకపోతే, దీపం ఆర్పే పని లేదు, బీరువా మూసే పని లేదు. గదికి తాళం వేస్తే చాలు. దీపం వెలగకపోతే, బీరువా మూసి తాళం వెయ్యాలి. ఈ మూడు సర్దుబాటు పనులనూ ప్రోగ్రాము అడుగున మెట్లలాగా ఒకేచోట వ్రాసుకుని, ఎక్కడ చెడితే దానికి తగిన మెట్టు దగ్గరికి "పో" అంటే, అక్కడినుంచి మిగిలిన మెట్లన్నీ వరసగా దిగుతారు. లేకపోతే ప్రతి చిక్కు దగ్గరా ఆ సర్దుబాటంతా మళ్లీ మళ్లీ వ్రాయాలి. అలా వ్రాసేటప్పుడు ఒకచోట తాళం మరిచిపోవటం ఖాయం.

ఈ 'పో'కూ, 90వ పంక్తిలోని 'పో'కూ తేడా చూశారా? ఇది ఎప్పుడూ కిందికే పోతుంది. ఒక పని మధ్యలోకి దూరదు. అడుగున ఉన్న మెట్టు చూడగానే, ఇక్కడికి వచ్చేవాడు ఏదో చెడి గాని, అంతా పూర్తిచేసి గాని వచ్చాడని తెలిసిపోతుంది. పక్కింటి పిల్లను పిలిచి అడిగినా చెప్పగలదు. నా మట్టుకు నేను గోటూకు పెట్టే పరీక్ష ఇదొక్కటే. దీంట్లో నూటికి తొంభై గోటూలు తప్పుతాయి. నెగ్గినవాటిని తీసెయ్యమనటం నాకు మొండితనంగా తోస్తుంది.

నెగ్గినదాన్నయినా కాపలా లేకుండా వదలరాదు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ తన ఫోన్లలో ఒక పెద్ద లోపాన్ని సరిదిద్దింది. మీ నాన్నగారు ఫోనులో బ్యాంకుతో మాట్లాడేటప్పుడు, అవతల ఉన్నది నిజంగా ఆ బ్యాంకేనా, వేషం వేసుకున్న దొంగా అని ఒక ప్రోగ్రాము సంతకం సరిచూస్తుంది. అందులో పరీక్షలు వరసగా ఉన్నాయి. ప్రతి పరీక్ష దగ్గరా "తప్పు కనిపిస్తే 'ఫెయిల్' అనే చోటికి పో" అని ఉంది. ఇది మనం చెప్పుకున్న మెట్ల పద్ధతే. అయితే ఒకచోట ఆ 'పో' పంక్తి రెండుసార్లు పడింది. మొదటిదానికి "తప్పు కనిపిస్తే" అనే కాపలా ఉంది. రెండోదానికి లేదు. కనుక తప్పున్నా లేకపోయినా, ప్రోగ్రాము అక్కడికి రాగానే అడుగుకు జారిపోయేది. దాని కింద ఉన్న ముఖ్యమైన సంతకం పరీక్ష జరిగేదే కాదు. ఇంకా విచిత్రం వినండి. 'ఫెయిల్' అనే చోటికి చేరినా, అప్పటివరకు తప్పులు సున్న అనే లెక్కలో ఉంది గనక, "అంతా సరిగ్గా ఉంది" అనే జవాబు వెళ్లేది!

దీనికి గోటూ నేరస్థురాలా? కాదు, పంక్తుల చుట్టూ బ్రాకెట్లు పెట్టకపోవటమే తప్పని చాలామంది అన్నారు. నిజమే. అయినా నా అభిప్రాయం చెబుతాను. మామూలు వాక్యం రెండుసార్లు పడితే చాలాసార్లు ఏమీ కాదు. సంఖ్య 1 అనుకో, సంఖ్య 1 అనుకో అంటే నష్టమేముంది? 'పో' రెండుసార్లు పడితే మాత్రం దాని కింద ఉన్నవాటినన్నిటినీ మింగేస్తుంది. పాము పామే మరి.

ఇక అమీర్‌పేట పలకల మీద పెద్ద అక్షరాలతో కనిపించే జావా సంగతి. జావాలో గోటూ లేదు. కాని ఆ భాషలో సొంతానికి వాడుకోకూడని మాటల పట్టిక ఒకటి ఉంది. అందులో గోటూ ఉంది! వాడటానికి లేని మాటను పట్టికలో ఎందుకు ఉంచారు? 'సి' లాంటి భాషలు నేర్చి వచ్చినవాడు అలవాటు కొద్దీ గోటూ అని వ్రాస్తే, "ఇది ఇక్కడ చెల్లదు" అని కంప్యూటరు స్పష్టంగా చెప్పటానికి వీలుగా ఉంటుందని. పైథాన్‌లోనైతే అదీ లేదు. అక్కడ 'గోటూ' అన్న పేరు మీ కుక్కపిల్లకు పెట్టుకున్నట్టే దేనికైనా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మీకొక లెక్క. మన ఎక్కం ప్రోగ్రాములో 90వ పంక్తిని "ఇంకొకసారి కావాలంటే 30కి పో" అని మార్చాను. రెండోసారి అడిగితే కాగితం మీద ఏం పడుతుంది? మూడోసారి అడిగితే? 40కి పొమ్మంటే ఏం మారుతుంది? పెన్సిలు పట్టుకుని, మీరే కంప్యూటరు అయి చూడండి. సంఖ్య ఎంత ఉందో ప్రతిసారీ పక్కన వ్రాసుకోవటం మరవకండి.